మిద్దె వేడి దిగాలంటే: తక్కువ సిమెంటుతో తేలిక కాంక్రీటు పొర ఎలా వేయాలి

తిరుపతిలో ఇల్లు కట్టుకున్న ప్రతి పది మందిలో తొమ్మిది మంది ఫిబ్రవరి దాటగానే ఒకటే అడుగుతారు: "పైన మిద్దె కాలిపోతోంది, రాత్రి పదకొండైనా ఫ్యాను వేడిగాలే కొడుతోంది, ఏం చేయాలి?" దాని వెనకే రెండోది: "ఫ్లై యాష్ కలిపి కాంక్రీటు పోస్తే చల్లగా ఉంటుందంట కదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఉండదు. సిమెంటు తగ్గించి ఫ్లై యాష్, అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే సన్న బూడిద, పెంచినంత మాత్రాన కాంక్రీటు వేడిని ఆపదు. ఖర్చు తగ్గుతుంది, పర్యావరణానికి మేలు, అంతవరకే. వేడిని ఆపేది పొడిగా ఉన్న గాలి. మామూలు కాంక్రీటులో వేడి ప్రవహించే గుణం 1.6 దగ్గర ఉంటే థర్మాకోల్‌ది 0.04, కదలని గాలిది 0.025. నీటిది 0.6, అంటే గాలికి ఇరవై రెట్లకు పైనే. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, కింద చెప్పేదంతా వాటి నుంచి వచ్చిందే: తక్కువ సిమెంటు ముద్దతో ఎక్కువ గాలిని కట్టిపడేయాలి, ఆ గాలిలోకి నీళ్ళు రాకుండా చూడాలి.

ఇక్కడ చెప్పే పద్ధతి, అంటే సిమెంటు, ఫ్లై యాష్ ముద్దలో థర్మాకోల్ గుళికలు కలిపి పోయడం, ఉన్న స్లాబు మీద, పైన వేసే పొరకు మాత్రమే. ఇంటిని మోసే స్లాబులో, దూలాల్లో, స్తంభాల్లో థర్మాకోల్ కలపడం అనే మాటే వద్దు.

ఎంత మందం వేయాలి

ఐదంగుళాల స్లాబు, కింద పూత, పైన ఏమీ లేదు అనుకోండి. దాని గుండా వేడి దిగే రేటు, ఇంజనీర్లు యూ-వాల్యూ అనేది, 3.3 దగ్గర ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు 1.2 దాటకూడదంటుంది. ఈ తేలిక పొర 75 మి.మీ. వేస్తే 1.3 దగ్గర ఆగుతుంది, 100 మి.మీ. వేస్తే 1.1కి దిగుతుంది. కాబట్టి సగటున నాలుగంగుళాలు. అంతకంటే పెంచితే లాభం ఉంటుంది కానీ ఖర్చుకు తగ్గట్టు ఉండదు.

ఎప్పుడు చేయాలి

సంక్రాంతి ముగిశాక మొదలుపెట్టి ఉగాదికి చేయి దులుపుకోవాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో ఎవరూ మరచిపోలేదు. ఆ వానల తడి స్లాబులోంచి పోవడానికి నెల పడుతుంది. మరీ ఆలస్యం చేసి కత్తెర ఎండల్లో పోస్తే ముద్ద గట్టిపడేలోపే నీరు ఆవిరై, పైపొర బూడిదలా రాలుతుంది.

ఏమేం కావాలి

లెక్క 1000 చదరపు అడుగుల మిద్దెకు, సగటు మందం నాలుగంగుళాలకు.

- ఓపీసీ (బూడిద కలపని మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు) 53 గ్రేడు, 28 నుంచి 30 బస్తాలు. ఇదే మందానికి 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు) పోస్తే 58 బస్తాల పైనే పోతుంది. సగం మిగిలినట్టు.
- పొడి ఫ్లై యాష్ సుమారు 1900 కిలోలు. మనవైపుకు కృష్ణపట్నం థర్మల్ కేంద్రం దగ్గర, ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ థర్మల్ కేంద్రం ఇంకాస్త దూరం. ఇంత తక్కువకు ఎవరూ ట్యాంకరు పంపరు. ఊరి చుట్టూ ఉన్న ఫ్లై యాష్ ఇటుకల బట్టీల్లో అడిగితే గోతాల్లో ఇస్తారు.
- జల్లెడ పట్టిన సన్న ఇసుక లేదా ఎం-శాండ్ (రాళ్ళు పొడి చేసి తీసే ఇసుక) 1200 కిలోలు.
- థర్మాకోల్ గుళికలు, 2 నుంచి 4 మి.మీ. సైజు, బీన్ బ్యాగుల్లో పోసేవి. ఘనపరిమాణంలో 9 నుంచి 9.5 ఘనపు మీటర్లు. కిలోల లెక్కన బేరం చేయకండి, గుళిక గట్టిదా తేలికదా అన్నదాన్ని బట్టి కిలోకు వచ్చే సంచులు మారిపోతాయి.
- ఎస్‌బీఆర్ లేటెక్స్ బస్తాకు ఒక లీటరు. ఇది గుళికకు సిమెంటు అంటుకోవడానికి. చెక్కపని చేసే తెల్ల బంక వాడొద్దు, అది తడిస్తే మళ్ళీ కరుగుతుంది.
- మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం), పది లీటర్ల బకెట్లు రెండు, వేలాడదీసే త్రాసు, గోనె పట్టాలు, ప్లాస్టిక్ పట్టా, 20 మి.మీ. మందం థర్మాకోల్ పట్టీలు, కోళ్ళ వల, అల్యూమినియం పట్టీ.

త్రాసు చూసి మేస్త్రీ నవ్వుతాడు. నవ్వనివ్వండి. ఈ పనిలో ఆ బకెట్టూ త్రాసూ తప్ప నమ్మదగ్గది ఇంకోటి లేదు.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు

బూడిద పరీక్ష. గాజు గ్లాసులో నీళ్ళు పోసి రెండు చెంచాల ఫ్లై యాష్ వేసి కలిపి పావుగంట వదిలేయండి. పైన నల్లటి తెట్టు కడితే కాలని బొగ్గు ఎక్కువున్నట్టు, వద్దు. తర్వాత పొడి బూడిదను వేళ్ళ మధ్య నలపండి. ముఖానికి రాసే పౌడరులా జారాలి. ఇసుకలా గరగరమంటే అది చెరువు బూడిద, అంటే నీళ్ళతో కలిపి చెరువుల్లోకి వదిలేసినది. అది ఇసుక బదులు పనికొస్తుందేమో కానీ సిమెంటు బదులు పనికిరాదు. తడిగా, ఉండలుగా వచ్చిన బూడిదను వెనక్కి పంపేయండి.

స్లాబు పరీక్ష. ఇది మీరు చేసేది కాదు, ఇల్లు డిజైన్ చేసిన ఇంజనీరుతో చేయించాలి. ఈ పొర పచ్చిగా ఉన్నప్పుడు చదరపు అడుక్కు ఆరు కిలోలుంటుంది, పైన మోర్టారు, పలకలు కలిపితే మరో ఏడెనిమిది. నాలుగంగుళాల మామూలు కాంక్రీటు ఒక్కటే ఇరవై రెండు కిలోలు కాబట్టి ఇది తేలికే, కానీ తేలిక అంటే బరువు లేదని కాదు. పాత ఇళ్ళమీద సున్నం, ఇటుక జల్లితో వేసిన వెదరింగ్ కోర్సు ఇప్పటికే ఉంటే దాన్ని తీసేసి స్లాబు మీదే ఇది వేయండి. దానిమీద దీన్ని ఎక్కించొద్దు. రాతి దూలాలు, రాతి పలకల మిద్దెలకు, చిత్తూరు, పలమనేరు వైపు ఇంకా చాలా ఉన్నాయి, వాటికి ఈ లెక్కలు వర్తించవు.

ఇక పని

1. స్లాబును వైరు బ్రష్షుతో రుద్ది, ఊడ్చి, కడిగి ఆరనివ్వండి. బీటలను వీ ఆకారంలో చెక్కి, పాలిమర్ మోర్టారుతో నింపండి. వాన గొట్టాల నోళ్ళు, పిట్టగోడ అడుగు మూల, ఈ రెండు చోట్ల అశ్రద్ధ చేయకండి, కారే ఇళ్ళన్నీ అక్కడే కారతాయి.

2. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు చేతులు వేయండి. పిట్టగోడ మీదకు కనీసం అడుగు ఎత్తు ఎక్కించండి. రెండో చేయి పచ్చిగా ఉండగానే సన్న ఇసుక చల్లితే పైపొర పట్టు దొరుకుతుంది.

3. గొట్టాలు మూసి అంగుళం ఎత్తు నీళ్ళు నిలబెట్టి 48 గంటలు చూడండి. కింద సీలింగులో చెమ్మ కనిపిస్తే ఆగి, సరిచేసి, మళ్ళీ నిలబెట్టండి. ఈ అడుగు దాటేసి, "పైన ఇంకో పొర వస్తుంది కదా, అదే ఆపుతుందిలే" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పైపొర నీళ్ళు ఆపదు, తాగుతుంది.

4. వాలు గుర్తులు పెట్టుకోండి. వందకు ఒకటి, అంటే పది అడుగులకు సుమారు అంగుళంపావు. వాన గొట్టం దగ్గర కనీసం రెండంగుళాలు మందం ఉండాలి, అక్కణ్ణుంచి పెరుగుతూ పోవాలి. ముప్పై అడుగుల పొడవు మిద్దెకు అవతలి చివర ఐదున్నర అంగుళాలు వస్తుంది. గొట్టం పడకగది మీద ఉంటే ఆ గదికే పల్చటి పొర దక్కుతుంది. వీలుంటే ఇప్పుడే గొట్టాన్ని మెట్ల గది వైపుకో బాత్రూము వైపుకో మార్చుకోండి.

5. పిట్టగోడ చుట్టూ 20 మి.మీ. థర్మాకోల్ పట్టీని నిలబెట్టి అంటించండి. పొర వ్యాకోచించినప్పుడు గోడను తన్నకుండా ఈ సందు కాపాడుతుంది.

6. కలపడం. ఇది అసలు పని, దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

ఒక బస్తా సిమెంటు, 50 కిలోలు, దానికి ఫ్లై యాష్ 65 కిలోలు, ఇసుక 40 కిలోలు, గుళికలు 330 లీటర్లు, నీళ్ళు 50 నుంచి 55 లీటర్లు, లేటెక్స్ ఒక లీటరు. మామూలు మిల్లరులో ఒకేసారి పట్టదు, అర బస్తా చొప్పున వేయండి. అప్పుడు గుళికలు 165 లీటర్లు, అంటే బకెట్లు పదహారున్నర.

వరుస ముఖ్యం. ముందు గుళికలు, వాటిమీద లేటెక్స్ కలిపిన నీళ్ళలో మూడోవంతు. గుళికలన్నీ తడిసి మెరిసేదాకా ఒక నిమిషం తిప్పండి. తర్వాత సిమెంటు, బూడిద. ప్రతి గుళికకూ బూడిదరంగు చొక్కా తొడిగినట్టవుతుంది. అప్పుడు ఇసుక, మిగిలిన నీళ్ళు కొద్దికొద్దిగా. మొత్తం నాలుగు నిమిషాలు. పులిహోరలో ప్రతి మెతుక్కూ పులుసు పట్టి, అయినా మెతుకు మెతుకు విడిగా కనిపిస్తుందే, అలా ఉండాలి. గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు.

ఓపీసీ దొరక్క పీపీసీ వాడుతున్నారా? అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ ఫ్యాక్టరీలోనే కలిపి ఉంటుంది. దానికి మళ్ళీ 65 కిలోలు వేస్తే ఆ ముద్ద గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది. పీపీసీకి బస్తాకు 33 నుంచి 35 కిలోల బూడిద చాలు. అప్పుడు గుళికలు 250 లీటర్లకు, ఇసుక 30 కిలోలకు, నీళ్ళు 40 లీటర్లకు తగ్గించుకోండి. బస్తాలు కొన్ని ఎక్కువే పడతాయి.

7. మిల్లరు నుంచి దించిన వెంటనే పది లీటర్ల బకెట్టు నింపి, పైన చదును చేసి, తూచండి. బకెట్టు బరువు తీసేస్తే 6.2 నుంచి 6.8 కిలోల మధ్య రావాలి. ఎనిమిది దాటితే గుళికలు తగ్గాయి లేదా ఇసుక ఎక్కువ పడింది, వేడి ఆపదు. ఐదున్నరకు దిగితే ముద్ద చాలలేదు, ఆరాక చేత్తో గిల్లితే రాలుతుంది. పొద్దున్న మొదటి మూడు సార్లూ ప్రతిదీ తూచండి, తర్వాత ఐదింటికొకటి. మధ్యాహ్నం భోజనం తర్వాత వేసిన మొదటిది కూడా. అప్పుడే కొలతలు తప్పుతాయి, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

8. పరచడం. ముప్పావు గంటలోపు వాడేయాలి. తాపీతో నెట్టి, అల్యూమినియం పట్టీతో లాగి, చెక్క పలకతో తేలిగ్గా ఒత్తండి. వైబ్రేటరు పెట్టొద్దు, దిమ్మిసతో కొట్టొద్దు. పెడితే గుళికలు పైకి తేలి, ముద్ద అడుక్కు దిగి, రెండు పొరలుగా విడిపోతుంది. పనివాళ్ళు పలకలు వేసుకుని వాటిమీదే నడవాలి.

9. తడపడం. మామూలు స్లాబుకు కట్టినట్టు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టొద్దు. ఇది నీళ్ళను లోపలికి పీల్చి దాచుకుంటుంది. తడి గోనె పట్టాలు పరచి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, రోజుకు మూడు నాలుగు సార్లు చిలకరించండి. ఎన్ని రోజులు? కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ ఒక్కటే అయితే ఏడు, ఫ్లై యాష్ లాంటివి కలిపితే కనీసం పది. సిమెంటు తక్కువున్న మిశ్రమం నిదానంగా బలపడుతుంది, మూడో రోజు గోటితో గీరి "ఇంకా మెత్తగా ఉండాది" అని కంగారు పడకండి.

10. ఆరబెట్టడం. పట్టాలు తీసేసి కనీసం మూడు వారాలు ఎండకు వదిలేయండి. తర్వాత అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితం పొర మీద పరచి నాలుగు అంచులూ టేపుతో మూసి, మర్నాటి దాకా ఉంచండి. తీసి చూస్తే కాగితం అడుగున నీటి చుక్కలున్నా, కింద కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆరలేదు. మిద్దె నాలుగు మూలల్లో, నడుమ, ఐదు చోట్ల చేయండి. ఐదూ పొడిగా వచ్చాకే ముందుకు.

11. పై రక్షణ. ఈ పొర మెత్తటిది, నేరుగా నడవకూడదు, బట్టలారేసే స్టాండు కాలు కూడా దిగబడుతుంది. దీనిమీద కోళ్ళ వల పరచి, 25 నుంచి 30 మి.మీ. 1:4 సిమెంటు మోర్టారు వేయండి. పది అడుగులకు ఒకటి చొప్పున రెండు వైపులా కోత సందులు వదిలి, సాగే సీలెంటుతో నింపండి. ఈ సందులు తప్పనిసరి. కింద వేడిని ఆపే పొర ఉంది కాబట్టి ఎండ వేడి కిందికి పోలేక ఈ మోర్టారులోనే నిలుస్తుంది. మామూలు మిద్దె మీద మోర్టారు కంటే ఇది పగలు ఎక్కువ కాగుతుంది, రాత్రి ఎక్కువ చల్లారుతుంది. సందులు లేకపోతే మొదటి వేసవిలోనే బీటలు.

12. ఆఖరున తెల్లటి కూల్ టైల్సు, లేదా తెల్ల పింగాణీ ముక్కలు. సందుల్లో వాటర్‌ప్రూఫ్ గ్రౌటు. తెలుపు సగానికి పైగా ఎండను వచ్చినట్టే వెనక్కి పంపేస్తుంది, మిగిలిన దాన్ని పొర చూసుకుంటుంది. రోడ్డు పక్క ఇళ్ళకు దుమ్ము పట్టి ఆ తెలుపు ఏడాదికే మట్టి రంగవుతుంది. మార్చిలో ఒకసారి కడిగిస్తే చాలు.

నా మిద్దె మీద జరిగినవి

కరకంబాడి రోడ్డులో మా ఇంటికి మొదటిసారి చేయించినప్పుడు గుళికల సంచి మూతి విప్పి పక్కన పెట్టి, మిల్లరు దగ్గరికి వెళ్ళాను. శేషాచలం వైపు నుంచి ఒక్క గాలి విసురు. సంచిలో సగం లేచి, పక్కింటి తులసికోట మీద, ఆరేసిన వడియాల మీద, వాళ్ళ స్కూటరు సీటు మీద మంచు కురిసినట్టు వాలింది. పక్కింటి అత్త బయటికొచ్చి వడియాల చాప చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ ఏమీ అనకపోవడం ఇప్పటికీ గుర్తుంది. గుళికలు ఒంటికి పట్టుకుంటాయి కూడా, దులిపితే పోవు, తడిచేత్తో తుడవాలి. కాబట్టి సంచిని మిల్లరు నోట్లో పెట్టాకే విప్పండి, సంచిలోనే కాసిని నీళ్ళు చిలకరించండి. పడినవాటిని ఏరి పారేయండి, కాలవల్లోకి పోనివ్వకండి. ఇంకో మాట, గుళికల దగ్గర బీడీ, గ్యాస్ కట్టరు, వెల్డింగు ఏవీ ఉండకూడదు. థర్మాకోల్ అంటుకుంటే నల్లటి విషపు పొగ వస్తుంది. సిమెంటులో కలిసి గట్టిపడ్డాక ఆ భయం లేదు, సంచిలో ఉన్నంతసేపూ ఉంది.

మా మేస్త్రీ ఆ రోజు బకెట్టు ఎత్తి చూసి, "ఏం సార్, ఇంత తేలిగ్గా ఉండాదే, రేపు గాలొస్తే మిద్దె ఎగిరిపోదా?" అన్నాడు. నేను కిందికి దిగి వచ్చేలోపు బలం కోసమని రెండు బొచ్చెల ఇసుక అదనంగా వేసేశాడు. తూస్తే తొమ్మిది కిలోలు. మంచి మనసుతోనే చేశాడు, కానీ ఆ మూల గది ఇప్పటికీ మిగతా వాటికంటే వేడి. మేస్త్రీకి ముందే చెప్పండి: అన్నా, దీనికి బలం అక్కర్లేదు, బరువు తగ్గితేనే నీకు డబ్బులు అని.

రెండో తప్పు నాదే. చుట్టాల పెళ్ళి ఉందని పదో అడుగు, అదే ఆరబెట్టడం, పన్నెండు రోజులకే ముగించి పైన టైల్సు వేయించేశాను. లోపల తడి అలాగే బందీ అయింది. ఆ వేసవి పొర ఉండీ లేనట్టే. రెండో ఏటికి గానీ తేడా తెలియలేదు.

గుళికలు వద్దనుకుంటే

ఫోమ్ కాంక్రీటు. సిమెంటు, ఫ్లై యాష్ జావలో నురగ కలిపి పోసేది. పంపుతో పోస్తారు కాబట్టి పెద్ద మిద్దెలకు ఒక్క రోజులో అయిపోతుంది, థర్మాకోల్ చెత్త ఉండదు. కానీ నురగ యంత్రం, అసలైన ఫోమింగ్ ద్రావణం, అనుభవమున్న బృందం మూడూ కావాలి. షాంపూతోనో గిన్నెలు తోమే ద్రవంతోనో డ్రిల్లుకు కడ్డీ తగిలించి నురగ తీసే వీడియోలు చూసి ప్రయత్నించకండి. ఆ నురగ జావలో పడ్డ పది నిమిషాలకే కూలి, పోసిన నాలుగంగుళాలు రెండున్నరకు దిగుతుంది. నురగ బాగుందో లేదో చూడాలంటే గ్లాసు నిండా తీసుకుని తలకిందులు చేయండి, జారి పడకూడదు, అడుగున నీళ్ళు ఊరకూడదు. దీనికీ బకెట్టు త్రాసే కొలమానం. పైన చెప్పిన బొగ్గు తెట్టు ఫోమ్‌కు మరీ శత్రువు, ఆ బొగ్గు నురగ ద్రావణాన్ని పీల్చేస్తుంది.

పాత టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లోని థర్మాకోల్‌ను తురిమి వాడొచ్చు. ముక్కలు వంకర టింకరగా ఉంటాయి కాబట్టి ముద్ద కాస్త ఎక్కువ పడుతుంది. బఠాణీ గింజ దాటకుండా జల్లెడ పట్టండి.

చెనక్కాయల పొట్టు, రంపపు పొట్టు, వరి ఊక? మన జిల్లాలో చెనక్కాయల పొట్టు ఊరికే దొరుకుతుంది కాబట్టి ఇది తరచూ అడుగుతారు. మిద్దె మీద వద్దు. వాటిలోని చక్కెరలు సిమెంటు గట్టిపడటాన్ని ఆపుతాయి, తడికి ఉబ్బుతాయి, చెదలు పడతాయి.

చక్కెర మాట వచ్చింది కాబట్టి బెల్లం సంగతీ చెప్పాలి. "మా తాతల మిద్దెకు కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపారు, వందేళ్ళయినా చెక్కుచెదరలేదు, ఇందులోనూ వేద్దామా?" అని చిత్తూరు నుంచి ఒకాయన అడిగారు. అది సున్నం. సున్నానికి బెల్లం నప్పుతుంది. సిమెంటుకు విషం. బస్తాకు వంద గ్రాముల చక్కెర పడినా గట్టిపడటం గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వెనక్కి పోతుంది. బెల్లం మోసిన గోతాల్లో ఫ్లై యాష్ తెస్తే కూడా ఒప్పుకోకండి.

పడమటి గోడలకు ఈ మిశ్రమం పూయాలని చూడకండి, జారిపోతుంది. కొత్తగా కట్టేవాళ్ళు ఆ గోడను ఏఏసీ దిమ్మెలతో, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మెలతో, కట్టుకోవడం సులువు. ఫ్లై యాష్ ఇటుకలు చల్లన అనే ప్రచారం నమ్మొద్దు, గట్టి ఫ్లై యాష్ ఇటుకకూ ఎర్ర ఇటుకకూ వేడి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్లాబులోనే సిమెంటు తగ్గించాలనుంటే దానికి కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఫిల్లర్ స్లాబు ఉంది, రెండు పెంకుల మధ్య గాలిని బంధించి స్లాబు అడుగు భాగంలో పెడతారు. అది ఇంజనీరు గీసి ఇవ్వాల్సిన పని.

పని సరిగ్గా జరిగిందా, ఎలా తెలుస్తుంది

పోసే ముందే ఒక చిన్న పరీక్ష చేసుకుంటే మేస్త్రీకీ మీకూ నమ్మకం వస్తుంది. అడుగు చదరం, నాలుగంగుళాల మందంతో రెండు పలకలు పోయండి, ఒకటి మామూలు కాంక్రీటుతో, ఒకటి ఈ మిశ్రమంతో. రెండు వారాల తడి, రెండు వారాల ఎండ తర్వాత పక్కపక్కనే మధ్యాహ్నం ఎండలో పెట్టండి. పలక అంచుల చుట్టూ థర్మాకోల్ ముక్కలు బిగించి, నాలుగు ఇటుకల మీద ఎత్తి ఉంచాలి. లేకపోతే వేడి పక్కల నుంచి దూరి లెక్క తప్పిస్తుంది. మూడు గంటలకు అడుగున చేయి పెట్టి చూడండి. థర్మామీటరు అక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇంటికి మాత్రం కొలత కావాలి. దూరం నుంచి గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి తీసుకోండి. పని మొదలుపెట్టకముందే, బాగా ఎండకాసిన మూడు రోజులు, ఏసీ ఆపి, సాయంత్రం ఆరుకూ రాత్రి తొమ్మిదికీ సీలింగు ఉష్ణోగ్రత, గది మధ్యలో గాలి ఉష్ణోగ్రత రెండూ రాసుకోండి. మధ్యాహ్నం రెండుకు కొలిచి "ఏమీ తేడా లేదే" అనేవాళ్ళు చాలా మంది. స్లాబులోంచి వేడి కిందికి దిగడానికి గంటలు పడుతుంది, అసలు సంగతి చీకటి పడేటప్పుడే బయటపడుతుంది. పని అయ్యాక, అలాంటి ఎండ ఉన్న రోజుల్లోనే మళ్ళీ కొలవండి. చూడాల్సింది సీలింగు అంకె కాదు, సీలింగుకూ గది గాలికీ మధ్య తేడా. యూ-వాల్యూ 3.3 నుంచి 1.1కి దిగింది కాబట్టి ఆ తేడా కూడా సుమారు మూడోవంతుకు దిగాలి. సగం దగ్గరే ఆగిపోతే పొర ఇంకా తడిగా ఉందని, లేదా బరువుగా పోశారని అర్థం. థర్మామీటరును పెయింటు వేసిన సీలింగు మీదే గురిపెట్టండి. మెరిసే స్టీలు, అద్దం మీద పెడితే తప్పుడు అంకె చూపిస్తుంది.

గది గది వేరుగా కొలవండి. ఒక గదిలో మాత్రం తేడా తగ్గలేదంటే పైకి వెళ్ళి సరిగ్గా ఆ చోట చెక్క సుత్తితో టైల్సు తట్టండి. డొల్లగా మోగితే మోర్టారు లేచింది, ఆ పలకలు తీసి మళ్ళీ అంటించుకోవచ్చు. మోత బాగానే ఉండి తేడా తగ్గకపోతే టైల్సు సందుల్లోంచి నీళ్ళు దిగుతుండొచ్చు. గ్రౌటు గీకి, ఎండల్లో నెల రోజులు సందులు తెరిచి ఉంచి, ఆరాక మళ్ళీ నింపండి. నవంబరు వానలు తగ్గాక ఒకసారి, మార్చిలో టైల్సు కడిగేటప్పుడు ఒకసారి, కోత సందుల సీలెంటును వేలితో నొక్కి చూడండి. గట్టిపడి అంచు నుంచి ఊడుతుంటే ఆ ముక్క వరకు కోసి కొత్తది పెట్టండి.